కానుగ కాయను మిషన్‌తో రాల్చాలంటే: కొమ్మ కత్తిరింపు నుంచి పప్పు సంచి దాకా

"ఏ మిషన్ కొనమంటారు?" అని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ కానుగ చెట్టు కింద నడుము వంచకుండా నడవగలరా? కొమ్మలు నేలను తాకుతుంటే, చెట్టు కింద ముళ్ల కంప మొలిచి ఉంటే ఎంత ఖరీదు మిషన్ తెచ్చినా కూలీలు పెట్టుకున్నంత ఖర్చూ అవుతుంది. ఈ పనిలో కొక్కెం తగిలించి ఊపేది కొద్ది నిమిషాలే. మిగతాదంతా దానికి ముందూ వెనకా ఉంటుంది. అందుకే ఇందులో ఊపడం గురించి తక్కువ, ముందు వెనకల గురించి ఎక్కువ చెబుతున్నాను.

కొన్ని ఊళ్లలో కానుగను గానుగ చెట్టు అంటారు. ఇక్కడ మాత్రం చెట్టుకు కానుగ, నూనె ఆడించే దానికి గానుగ అనే రాస్తాను, లేకపోతే ఇద్దరం తికమకపడతాం.

## 1. మీ చెట్లు మిషన్‌కు పనికొస్తాయా?

కానుగలా గింజల నూనెతో బయోడీజిల్ (డీజిల్ బదులు వాడే ఇంధనం) చేసే చెట్లన్నీ ఒక తీరున కాపు ఇవ్వవు. అడవి ఆముదంలో, అదే జట్రోఫాలో, ఒకే గుత్తిలో పచ్చకాయ, పసుపుకాయ, నల్లబడ్డ కాయ పక్కపక్కనే ఉంటాయి. ఊపితే పచ్చివి కూడా రాలతాయి, వాటిలో నూనె తక్కువ. కానుగ కాయ అలా కాదు. పండి ఎండినా పగలదు, గింజ డొల్లలోనే భద్రంగా ఉంటుంది, చెట్టు మీద వారాల తరబడి నిలుస్తుంది. అందువల్ల చాలావరకు ఒకేసారి రాల్చుకోవచ్చు.

ఆయిల్ పామ్ తోటల్లో గెలలకు వాడే మోటారు కత్తితో కానుగ రాలుతుందా అని గోదావరి జిల్లాల నుంచి అడుగుతుంటారు. రాలదు. అది కోసే మిషన్, మనకు కావలసింది ఊపే మిషన్.

ఊపే మిషన్లు రెండు రకాలు.

చేతి షేకర్: భుజానికి పట్టీతో వేలాడే పెట్రోలు ఇంజను, ముందు పొడవాటి గొట్టం, దాని కొసన కొక్కెం. ఆలివ్, కాఫీ తోటల కోసం వచ్చిన పరికరం ఇది. మా ఊళ్లో షేకర్ అంటే ఎవరికీ పట్టలేదు, "మోటారు దోటి" అన్నాక అందరికీ అర్థమైంది.

మాను షేకర్: ట్రాక్టరుకు తగిలించేదో సొంత ఇంజనుతో నడిచేదో, రబ్బరు మెత్తలున్న దవడలతో మానును పట్టి చెట్టంతా ఒకేసారి వణికిస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో గ్రీనింగ్ తెగులుతో నారింజ తోటలు పోయిన నేలల్లో కానుగ వేసినవాళ్లు బాదం, పిస్తా తోటల షేకర్లనే దీనికి వాడుతున్నారు.

గట్టు మీద, రోడ్డు పక్కన, పొలం మూలల్లో చెదురుమదురుగా ఉన్న చెట్లకు చేతి షేకరే మేలు. మాను షేకర్ గురించి ఆలోచించాలంటే చెట్లు వరసలో ఉండాలి, వరసల మధ్య ట్రాక్టరు తిరగాలి, నేల చదునుగా ఉండాలి.

దిగేముందు వీటిని చూసుకోండి:

- మానుపై నేల నుంచి మీటరు ఎత్తు వరకు కొమ్మ లేదు (మాను షేకర్‌కు ఇది తప్పనిసరి)
- పెద్ద కొమ్మలు మూడు నాలుగు మించి లేవు
- కరెంటు తీగ చెట్టు మీదుగా పోవడం లేదు
- రోడ్డు పక్క చెట్లయితే పంచాయతీ దగ్గరో సంబంధిత శాఖ దగ్గరో ఫలసాయానికి అనుమతి తీసుకున్నారు

## 2. ముందటేడే కొమ్మలు కత్తిరించండి

కత్తిరించకుండా వదిలేసిన కానుగ గొడుగులా కిందికి వాలుతుంది. నీడకు అది బాగుంటుంది కానీ షేకర్‌కు శత్రువు. సన్నగా పొడుగ్గా వేలాడే కొమ్మలోకి ఊపు పోదు. మొదట్లో గట్టిగా ఊగినా కొసకు వచ్చేసరికి చచ్చిపోతుంది, కాయలేమో కొసనే ఉంటాయి. తడి తాడును ఒక చివర పట్టుకుని ఊపి చూడండి, అవతలి చివర కదలదు. అదీ సంగతి.

కత్తిరింపు కాయ రాల్చిన వెంటనే, కొత్త చిగురు రాకముందే చేయాలి. క్రమం ఇది:

1. భుజం ఎత్తుకన్నా కిందికి వాలిన కొమ్మలన్నీ తీసేయండి.
2. ఒకదానినొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది తీయండి.
3. మూడు నాలుగు పెద్ద కొమ్మలను మాత్రం పైకి పోనివ్వండి. మధ్యలో మనిషి చెయ్యి దూరేంత సందు కనిపించాలి.
4. ఎండుకొమ్మలన్నీ తీసేయండి. ఊపినప్పుడు మొదట విరిగి నెత్తిన పడేవి అవే.

ఒకే ఏడాదిలో మూడో వంతుకు మించి నరకవద్దు. మరీ బోడి చేస్తే చెట్టు కాపు మాని కొమ్మలు వేయడం మొదలుపెడుతుంది. బాగా పెరిగిపోయిన చెట్టయితే పనిని రెండేళ్లకు పంచుకోండి.

## 3. ఎప్పుడు రాల్చాలి?

నేను ఈ పనిలో నేర్చుకున్న పెద్ద పాఠం ఇక్కడే ఉంది. మొదటి ఏడు, ఉగాది దగ్గరపడ్డాక తీరుబడిగా మొదలుపెట్టాను. అప్పటికే లేత చిగుళ్లు వచ్చేశాయి. కాయతోపాటు చిగుళ్లూ మొగ్గలూ రాలాయి. ఆ మరుసటి ఏడు ఆ చెట్లలో సగం ఖాళీ. కానుగకు ఎలాగూ ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ కాసే అలవాటుంది. దానికి నా ఆలస్యం తోడైంది.

కానుగ కాయ పూత నుంచి ముదరడానికి దాదాపు పది పదకొండు నెలలు పడుతుంది. అంటే పాత కాయ దిగేవేళకు కొత్త పూత తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. మనకు దొరికేది ఆ రెండింటి మధ్య సందు. మన ప్రాంతంలో చాలాచోట్ల అది సంక్రాంతి దాటాక మొదలై, ఆకు రాలి చిగురు వేసేలోపు ముగుస్తుంది. నీటి తడి ఉన్న చోట తేదీలు మారతాయి కాబట్టి క్యాలెండర్ కన్నా చెట్టునే నమ్మండి.

ఆకు రాలిన చెట్టును ఊపడంలో ఇంకో లాభం ఉంది. ఆకులు గాలిని తోసి ఊపును తినేస్తాయి, ఆకు తక్కువైతే ఆ బలం కాయకు చేరుతుంది. పట్టా మీద చెత్తా తగ్గుతుంది.

ముదురు గుర్తులు:

- కాయ పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరిగింది
- డొల్ల గోటికి దిగడం లేదు, చెక్కలా ఉంది
- పగలగొడితే గింజ ఎర్రటి పొరతో నిండుగా ఉంది, ముడతపడి నీరు కారడం లేదు
- తొడిమ వంచితే టక్కున విరుగుతోంది, నారలా సాగడం లేదు

వంద కాయల పరీక్ష. తోటలో ఒక మూల, మధ్య, ఇంకో మూల నుంచి మూడు చెట్లు ఎంచుకోండి. ఒక్కో చెట్టులో వంద కాయలున్న కొమ్మకు గుడ్డ పేలిక కట్టి గుర్తు పెట్టండి. ఐదు సెకన్లు ఊపండి. రాలినవాటిలో పచ్చివి ఎన్నో, కొమ్మ మీద మిగిలినవి ఎన్నో లెక్కించండి. పచ్చివి పదికి మించితే వారం ఆగి మళ్లీ చూడండి. పచ్చివి తక్కువై, మిగిలినవి పదిహేను లోపుంటే ఆ రోజే మొదలుపెట్టండి. ఈ అంకెలు నా వాడుకలోవి. మీ చెట్లతో రెండేళ్లు చూశాక మీ లెక్క మీకు కుదురుతుంది.

రోజులో మంచు తడి ఆరిన తర్వాతే పని. తడి తొడిమ సాగుతుంది, ఎండిన తొడిమ తెగుతుంది. గాలి జోరుగా ఉన్న రోజు పట్టాలు నిలవవు, ఆ పూటకు మానుకోండి.

## 4. నేల, పట్టాలు

కోతకు వారం ముందే చెట్టు కింద కలుపు, కంప, రాళ్లు తీసేయండి. చెట్టు నీడ పడే మేరకన్నా మీటరు ఎక్కువే శుభ్రం చేయాలి. ఊపినప్పుడు కాయ నిటారుగా పడదు, విసిరినట్టు పక్కకు పోతుంది.

దున్నవద్దు. దున్నిన మట్టిలో కాయ దూరిపోతుంది, పట్టా కింద గడ్డలు మిగులుతాయి. చదును చేసి నీళ్లు చిలకరించి అణచినా చాలు.

పట్టాకు రెండు దారులు. టార్పాలిన్ పట్టా ఎక్కువ కాలం మన్నుతుంది కానీ బరువు, గాలికి తెరచాపలా లేస్తుంది. షేడ్ నెట్ తేలిక, దుమ్ము కిందికి జారిపోతుంది, గాలి పోతుంది. నాకు షేడ్ నెట్టే నచ్చింది. అంచుకు తాడు కుట్టించుకుంటే చిరగదు.

పరిచే తీరు: ఒక్కో చెట్టుకు రెండు ముక్కలు. మానుకు అటొకటి ఇటొకటి వేసి, మధ్యలో ఒకదాని మీద ఇంకొకటి మూరెడు ఎక్కించండి. వాలు నేలయితే పైముక్క అంచు కిందిముక్క మీదికి రావాలి, ఇంటి పైకప్పు పెంకుల్లా. తిరగేస్తే కాయలన్నీ సందులోంచి కిందికి జారతాయి. పల్లం వైపు అంచు కింద రెండు కర్రలు పెట్టి కాస్త ఎత్తండి.

కనీసం మూడు జతల పట్టాలు కావాలి. ఒకటి ఊపుతున్న చెట్టు కింద, ఒకటి ముందు చెట్టు కింద సిద్ధంగా, ఒకటి వెనక ఎత్తుతూ. ఒకే జతతో మొదలుపెట్టినవాళ్ల మిషన్ సగం పూట చెట్టుకు ఆనించే ఉంటుంది.

## 5. మిషన్, మనుషులు

చేతి షేకర్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. చేత్తో అంచనా వేసి పోయకండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్ మీద మసి.

ఒక మిషన్‌కు నలుగురు: ఒకరు ఊపడానికి, ఇద్దరు పట్టాలకు, ఒకరు సంచులకు. ఊపే మనిషిని ఇరవై నిమిషాలకోసారి మార్చండి. ఆ వణుకు చేతుల్లోకి ఎక్కితే సాయంత్రానికి వేళ్లు మొద్దుబారతాయి. ఒక్కరే రోజంతా చేస్తానని పంతం పట్టినా ఒప్పుకోకండి.

పొద్దున్నే చూసుకోవాల్సినవి:

- హెల్మెట్, కళ్లద్దాలు, చేతి తొడుగులు, చెవులకు దూది కాకుండా సరైన మఫ్‌లు
- కొక్కెం బోల్టులు, గొట్టం అతుకు బిగుతు
- ఎయిర్ ఫిల్టర్ దులిపారు
- చెట్టెక్కి చూడకపోయినా చుట్టూ తిరిగి తేనెతుట్టె, కందిరీగల గూడు, చీమల గూళ్లు చూశారు
- కరెంటు తీగలు: గొట్టం అల్యూమినియం, తీగకు తగలక్కర్లేదు, దగ్గరికి పోయినా ప్రమాదమే. అలాంటి చెట్టును వదిలేయండి

## 6. ఊపే క్రమం

1. మొదట చెట్టు చుట్టూ తిరగండి. ఏ కొమ్మ తర్వాత ఏ కొమ్మో మనసులో అనుకోండి. పై కొమ్మల నుంచి కిందికి రండి. కింద మొదలుపెడితే పై కాయలు కింది కొమ్మల్లో చిక్కుకుంటాయి.

2. ఇంజను ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) ఉండగానే కొక్కెం తగిలించండి. ఊగుతున్న కొక్కేన్ని కొమ్మకు ఆనించబోతే బెరడు ఒలుస్తుంది.

3. కొమ్మ లావు చూడండి. బొటనవేలికన్నా లావు, మణికట్టుకన్నా సన్నం అయితే సరి. అంతకన్నా సన్నని కొమ్మ విరుగుతుంది, లావుది కదలదు, ఆ ఊపంతా మీ భుజానికే తిరిగి వస్తుంది.

4. చోటు ఎంచుకోండి. కొమ్మ చీలిన చోటు నుంచి కొస వరకు మూడు వంతులు అనుకుంటే, మొదటి వంతు దాటిన చోట పట్టాలి. మొదలు దగ్గర పడితే బలం చాలదు, కొసన పడితే ఆ కొస మాత్రమే ఊగుతుంది.

5. గొట్టం కొమ్మకు అడ్డంగా నిలవాలి. కొమ్మ వెంట ఏటవాలుగా లాగితే కొక్కెం జారి బెరడు గీసుకుపోతుంది.

6. కొంచెం మీ వైపు లాగి పట్టి, అప్పుడు యాక్సిలరేటర్ నొక్కండి. వదులుగా పట్టుకుంటే కొక్కెం సుత్తిలా కొడుతుంది.

7. మూడు నుంచి ఐదు సెకన్లు. ఆపండి. చూడండి. రాలేది చాలావరకు మొదటి రెండు మూడు సెకన్లలోనే రాలుతుంది. ఇంకోసారి ఊపండి. మూడోసారికి కూడా దిగనిది ఆ రోజు దిగదు. వదిలేయండి.

8. కొక్కెం తీసేముందు యాక్సిలరేటర్ వదలండి. కొమ్మ పట్టు లేకుండా ఫుల్ స్పీడులో ఊపితే ఆ దెబ్బంతా గేర్‌బాక్స్‌కే.

ఒక కిటుకు: పొడుగ్గా, వంగే కొమ్మకు యాక్సిలరేటర్ తక్కువ, గిడసబారిన గట్టి కొమ్మకు ఎక్కువ. చేతి షేకర్‌లో కొక్కెం కదిలే దూరం మారదు, వేగం ఒక్కటే మన చేతిలో ఉంటుంది. సన్నకొమ్మ మీద పూర్తి వేగం పెడితే అది వణుకుతుందే కానీ ఊగదు. కాయను తొడిమ దగ్గర తెంపేది పెద్ద ఊపే.

ఆఖరి పది పన్నెండు కాయల కోసం పంతానికి పోవద్దు. నూటికి నూరూ దింపాలని చూసినవాళ్లే ఎక్కువ కొమ్మలు విరుస్తారు.

## 7. మాను షేకర్ అద్దెకు తెస్తే

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మనలో చాలామందికి ఇది అందుబాటులో లేదు. ప్రధాన ప్రమాదం బెరడు. చెట్టులో నీరు పారుతున్నప్పుడు బెరడుకూ కలపకూ మధ్య పొర జిగటగా ఉంటుంది, దవడ నొక్కి ఊపితే తొక్కలా జారిపోతుంది. అందుకని కోతకు కొన్ని వారాల ముందు తడి ఆపేయండి, చిగురు మొదలైతే మిషన్‌ను వెనక్కి పంపండి.

దవడ మానుకు సూటిగా ఆనాలి, ఏటవాలుగా కాదు. ఊపేటప్పుడు డ్రైవరు బండిని ఇంచు కూడా కదపకూడదు. మొదటి చెట్టు అయ్యాక దిగి బెరడును చేత్తో తడిమి చూడండి. కదిలితే అక్కడితో ఆపేయండి. మూడు నాలుగేళ్ల లేత చెట్ల జోలికి అసలు పోవద్దు.

## 8. ఎత్తడం, చెత్త తీయడం

పట్టా నాలుగు మూలలూ కలిపి మధ్యలోకి దొర్లించండి. మొదట కర్రలూ రెమ్మలూ చేత్తో తీయండి. తర్వాత వెడల్పు కన్నాల జల్లెడ మీద పోస్తే మట్టి దిగిపోతుంది.

ఎండాకుకు లీఫ్ బ్లోయర్ బాగా పనిచేస్తుంది. తక్కువ వేగంలో పెట్టి పక్క నుంచి ఊదండి. ఆకు ఎగిరిపోతుంది, కాయ బరువు కాబట్టి నిలుస్తుంది. బ్లోయర్ లేకపోతే గాలి వాటం చూసుకుని చేటతో తూర్పారబట్టడం ఎప్పుడూ ఉన్నదే.

పట్టా మీద పడిన కాయనూ నేల మీద ముందే రాలి ఉన్న పాత కాయనూ కలపకండి. పాతదానికి తడి తగిలి ఉంటుంది, పురుగు పట్టి ఉంటుంది. దానికో సంచి వేరు.

## 9. ఆరబెట్టడం, పొట్టు తీయడం

కల్లంలో బెత్తెడు మందంలో పరచి రోజుకు రెండు మూడుసార్లు తిరగేయండి. రాత్రి మంచు పడకుండా కప్పండి. ఆరిందో లేదో తెలియాలంటే పది కాయలు పగలగొట్టి పప్పును రాయి మీద పెట్టి కొట్టండి. పటుక్కున ముక్కలవ్వాలి. మెత్తగా అణిగితే ఇంకో రెండు రోజులు. కొరికి చూసే అలవాటు వద్దు, అది చేదు గింజ, తినేది కాదు.

దీనిమీద ఇంత పట్టు ఎందుకంటే, తడి పప్పు నిల్వలో ఉంటే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. ఆమ్లం 2 శాతం దాటితే మామూలు పద్ధతిలో బయోడీజిల్ చేయబోతే సబ్బు తయారవుతుంది. దానికి ముందు ఆసిడ్‌తో ఇంకో దశ నడపాలి. కొనేవాడు ఆ ఖర్చు మన ధరలోనే కోస్తాడు.

ఎండిన కాయలో బరువు లెక్కన దాదాపు సగం డొల్లే. గానుగకు దూరం ఎక్కువైతే ఇంటి దగ్గరే పొట్టు తీయడం లాభం, బండి కిరాయి సగం మిగులుతుంది.

పొట్టు తీయడానికి కానుగ మిషన్లు ఉన్నాయి. వేరుశెనగ కాయలు ఒలిచే మిషన్‌ను కూడా జల్లెడ మార్చి సర్దుకోవచ్చు. కాయలన్నీ ఒక సైజులో ఉండవు కాబట్టి ఇలా చేయండి:

1. సందు కాస్త వెడల్పుగా పెట్టి మొదటి విడత పోయండి. పెద్ద కాయలు పగులుతాయి.
2. జల్లించి పగలని చిన్న కాయలు వేరు చేయండి.
3. సందు బిగించి వాటిని రెండో విడత పోయండి.

ఒకే సందులో అన్నీ అయిపోవాలని బిగిస్తే పెద్ద గింజ నుజ్జవుతుంది. పగిలిన పప్పులో ఆమ్లం త్వరగా పెరుగుతుంది. అలాంటిదాన్ని వేరే సంచిలో పోసి ముందుగా ఆడించండి.

## 10. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

కాయ రాలడం లేదు, కొమ్మ మాత్రం ఊగుతోంది. తొడిమ ఇంకా పచ్చిది. వారం ఆగండి. వేగం పెంచకండి.

కొమ్మే ఊగడం లేదు. లావు కొమ్మ పట్టారు, లేదా మొదలుకు మరీ దగ్గర పట్టారు. ఉపకొమ్మకు మారండి.

బెరడు ఊడింది. కొక్కెం రబ్బరు అరిగిందేమో చూడండి. ఊడిన అంచును పదునైన కత్తితో నున్నగా చెక్కి బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ఆ కొమ్మను ఈ ఏడు మళ్లీ ముట్టుకోవద్దు.

కాయ పట్టా దాటి పోతోంది. వేగం ఎక్కువ, లేదా గాలి. పట్టా అంచుల్ని కర్రలతో మోకాలెత్తు లేపండి.

పొట్టు మిషన్‌లో కాయ పగలకుండా నలుగుతోంది. తడి ఉంది. మళ్లీ ఎండకు.

సంచుల్లో వేడి పుడుతోంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగులుతుంది. అప్పటికప్పుడు కుమ్మరించి పరచండి, రేపటిదాకా ఆగకండి.

## 11. ఆఖరి సంచి కట్టాక

సంచులు నేల మీద పెట్టకండి, చెక్కల మీద పేర్చి గోడకు జానెడు ఎడం ఉంచండి. ప్రతి సంచి మీద తేదీ, ఏ వరస చెట్లదో రాయండి.

ఒక పుస్తకం పెట్టి చెట్టు వారీగా కాకపోయినా వరస వారీగా తూకం రాసుకోండి. ఏ చెట్టు ఏడు విడిచి ఏడు కాస్తోంది, ఏది అసలు కాయడం లేదు అన్నది మూడేళ్లలో తేలిపోతుంది. ఈ లెక్కకు ఇంకో విలువ కూడా ఉంది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ మహిళా సంఘాలు 2003లో, కానుగ నూనె వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మాయి. తూకం చీటీ లేనిదే అలాంటి బేరం ముందుకు కదలదు.

మిషన్‌లో మిగిలిన పెట్రోలు తీసేసి, ఆగిపోయేదాకా నడపండి. ప్లగ్ విప్పి నాలుగు చుక్కల ఆయిల్ వేసి తాడు రెండుసార్లు లాగండి. కొక్కెం రబ్బరు ఇప్పుడే కొని పెట్టుకోండి, కోత రోజుల్లో దుకాణంలో దొరకదు. పట్టాలు ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీయండి. ఇక కత్తీ రంపమూ తీసుకుని రెండో అంకె దగ్గరికి వెళ్లండి, చిగురు రావడానికి ఎక్కువ రోజులు లేవు.